పందెము వారిది, పైకము మనది

ఐరోపాఖండమున ఓర్పు పందెములని పేరొందిన మోటారు పోటీలు కలవు. ఫ్రాన్సులోని లె మాన్ పట్టణమున 1923లోను, బెల్జియములోని స్పా యొద్ద 1924లోను ప్రారంభమైన ఇరువదినాలుగు గంటల పందెములు వీనిలో పెద్దవి. దూరప్రయాణమునకై నిర్మింపబడిన వేగవంతములగు గ్రాండ్ టూరింగ్ కార్లకు 2011లో ప్రత్యేకముగా ఒక ఓర్పు పందెముల వరుస ఏర్పడి, నేడు జీటీ వరల్డ్ ఛాలెంజ్ అను పేర సాగుచున్నది. ఇట్టివి మన తెలుగునాటికిని రావలదా యని వేగప్రియులగు యువకులు అడుగవచ్చును. రావచ్చును. కాని ఎవరి సొమ్ముతో, ఎవరి లాభమునకు?

గ్రాండ్ టూరింగ్ కార్లు రాకున్నను, విద్యుత్కార్ల ప్రపంచ పందెమగు ఫార్ములా ఈ మన గడ్డపై ఒకసారి జరిగినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు చెంత మూడు కిలోమీటర్లకు లోపగు దారిని పందెపు బాటగా మార్చి, జనుల రాకపోకలను దినముల తరబడి అరికట్టిరి. పందెము గంటలోపుగనే ముగిసెను. ఫ్రాన్సుదేశీయుడగు ఝాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. మహీంద్రావారి కార్లు పరుగెత్తినవి గాని, సారథులలో భారతీయుడొక్కడును లేడు!

మరుసటి ఏట ఫిబ్రవరిలో జరుగవలసిన రెండవ పందెమును, రాష్ట్రమున ప్రభుత్వము మారిన పిమ్మట, 2024 జనవరిలో నిర్వాహకులు రద్దుచేసిరి. ఒడంబడికను తప్పినది ప్రభుత్వమేయని వారనిరి. ఆ పందెమునకై హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ చెల్లించిన సుమారు 55 కోట్ల రూపాయల విషయమున అవినీతి నిరోధక శాఖ 2024 డిసెంబరులో కేసు నమోదు చేసెను. దోషము కలదో లేదో, కలదేని ఎవరిదో తేల్చుట న్యాయస్థానముల పని. ప్రజలడుగవలసిన ప్రశ్న వేరు. పైకము పోయెను, పందెము రాలేదు, ఒక్క తెలుగు పిల్లవానికైనను పానా పట్టు నేర్పు కలిగినదా?

దేశమునకు కీర్తి వచ్చును గదా యని కొందరందురు. గ్రేటర్ నోయిడాలో 2011, 2012, 2013 సంవత్సరములందు ఫార్ములా వన్ పందెములు జరిగినవి. పిమ్మట అవి మరలిపోయినవి. వానితోడనే ఆ కీర్తియు మరలిపోయినది. అద్దెకు తెచ్చిన నగ తెల్లవారగనే ఇచ్చివేయవలసినదే గదా!

ఓర్పు పందెములో జయము సారథి యొక్కనిది కాదు. ఒకే కారును ఇద్దరు ముగ్గురు వంతులవారీగా నడుపుదురు. రేయెల్ల చక్రములు మార్చి, ఇంధనము నింపి, విరిగినదానిని నిమిషములలో చక్కజేయు చేతులే గెలుపును తెచ్చును. ఆ అగ్నిపరీక్షలో నిగ్గుదేలిన విద్య పిదప లోకమునకు ఉపకరించును. 1953లో జాగ్వార్ కారు డిస్కు బ్రేకులతో లె మాన్ పందెమును గెలిచెను. నేడు మన వీథులలోని సామాన్యపు మోటారు సైకిళ్లకును అట్టి బ్రేకులే. జపానువారు చేసినదేమి? హోండా సంస్థ తన వాహనములను పరీక్షించుకొనుటకై సుజుకాలో బాట నిర్మించుకొనెను. అది 1962లో సిద్ధమయ్యెను. 1991లో మాజ్డా కారు లె మాన్‌లో గెలిచెను. వారు ముందు చేతులకు పని నేర్పిరి. కీర్తి వెనుక వచ్చెను. మనము కీర్తిని ముందు కొనబోయి చేతులను మరచితిమి.

ఓర్పు అన నేమో మా ఉదయగిరి ఎరుగును. శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును ఏడాదిన్నర ముట్టడించి 1514లో వశపరచుకొనెను. బండలు పగులగొట్టించి సేనకు దారులు వేయించెనని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసెను. దారి వేసినవారే దుర్గమెక్కిరి. ఆ కొండ నీడన నేడును కొయ్యగరిటెలు చెక్కు స్త్రీపురుషులు కలరు. గరిటె గుణము పొయ్యిమీద తేలును గాని అంగడి అద్దములో తేలదని వారికి తెలియును. ఆత్మకూరు మీదుగా పోవు ముంబయి రహదారిలో లారీ నిలిచినచో, దానిని మరల నడిపించునది నూనెమరకల చొక్కా తొడిగిన కుర్రవాడు. వానికి పని యిచ్చినవారు కలరు; శాస్త్రము చెప్పినవారేరి?

కావున మా మాట స్పష్టము. ధనవంతులు తమ సొమ్ముతో బాటలు నిర్మించి పందెములాడుకొనిన మాకభ్యంతరము లేదు. ప్రజాధనము నొక్క రూపాయి ఇందు వెచ్చింపదలచినచో, ఒడంబడికను సంతకమునకు ముందే ప్రజలయెదుట నుంచవలెను. మన ఐటీఐ, పాలిటెక్నిక్కు విద్యార్థులను ఆ కార్లయొద్ద పనివారుగా నిలిపి విద్య నేర్పవలెనని అందు వ్రాయింపవలెను. అందుకు సమ్మతింపనివారికి మన వీథులును వలదు, మన ఖజానాయు వలదు. ఆ ధనముతో మన కర్మశాలలకు పనిముట్లు కొనుడు.

కంచెవతల నిలిచి చప్పట్లు చరచుటకు పన్ను కట్టు జాతి, కంచెలోపలికి ఎన్నటికి ప్రవేశించును?