చదివింపులకు పుస్తకం, పిల్ల సొత్తుకు చీటీ లేదు

మొగుడంపల్లి: పెళ్లి పందిట్లో తలంబ్రాల సందడి ముగియగానే ఒక మూల బల్ల వేసి నోటుపుస్తకం తెరవడం పల్లెల్లో ఆనవాయితీ. ఊళ్లో చేతిరాత బాగున్న యువకుడొకడు దాని ముందు కూర్చుంటాడు. ఎవరు, ఏ ఊరు, ఎంత పెట్టారు, ఏ వస్తువు ఇచ్చారు అన్నది వరుసగా రాసుకుంటాడు. పెళ్లయిన పదేళ్లకు కూడా ఆ పుస్తకం పెట్టెలో భద్రంగా ఉంటుంది. అది ఒక రకంగా బాకీల పద్దు. ఫలానా వారు మన పిల్ల పెళ్లికి ఐదు వందలు పెట్టారు గనుక వారింటి శుభకార్యానికి అంతకు తగ్గకుండా పెట్టాలి.

ఇంత జాగ్రత్తగా లెక్క రాసే ఇళ్లలోనే, పిల్ల వెంట వెళ్లే బంగారం, వెండి, బీరువా, మంచం, గిన్నెలకు మాత్రం చాలావరకు చిన్న చీటీ కూడా ఉండదు. రాస్తే వియ్యాలవారు ఏమనుకుంటారోనన్న మొహమాటం. కాపురం సవ్యంగా సాగితే చిక్కు లేదు. సాగనినాడు ఆ మొహమాటానికి మూల్యం పిల్లే చెల్లించవలసి వస్తుంది.

కర్ణాటక సరిహద్దున ఉన్న మొగుడంపల్లి 2016లో మండల కేంద్రమైంది. 1956 వరకు జహీరాబాద్ ప్రాంతం బీదర్ జిల్లాలోనిదే. రాష్ట్రాలు వేరైనా వియ్యాలు తెగలేదు. పెళ్లి సామాన్లు అటూ ఇటూ ప్రయాణిస్తూనే ఉన్నాయి. బీదర్ బిద్రీ పెట్టెలు, పాన్‌దాన్‌లు ఒకప్పుడు హైదరాబాద్ సంపన్నుల పెళ్లిళ్లలో గొప్ప కానుకలు. యశదం, రాగి కలిపి పోత పోసి, వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచే ఈ పనితనానికి 2006లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. పల్లె ఇళ్లకు మాత్రం రాగి బిందె, ఇత్తడి గంగాళం, కంచు చెంబులే కానుకలు. తర్వాత స్టీలు వచ్చింది.

స్టీలుతోపాటు ఒక మంచి అలవాటు బలపడింది. గిన్నె కొన్న దుకాణంలోనే ఇచ్చేవారి పేరు, పెళ్లి తేదీ చెక్కించడం. వంద రూపాయల పళ్లెం ఎవరిదో ఇరవై ఏళ్ల తర్వాత కూడా దానిని తిరగేసి చెప్పవచ్చు. లక్ష రూపాయల గొలుసుకు ఆ భాగ్యం లేదు! కరిగిస్తే దాని గుర్తే ఉండదు. 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం ధర లక్ష రూపాయలు దాటిన విషయం విదితమే. కల్యాణలక్ష్మి, షాదీముబారక్ పథకాల కింద ఇచ్చే సాయాన్ని ప్రభుత్వం 2018లో 1,00,116 రూపాయలకు పెంచినప్పుడు ఆ సొమ్ముతో మూడు తులాలు వచ్చేవి. (నూట పదహార్ల ముచ్చట నిజాం హాలీ రూపాయినాటిదని ఒక వాదన. వంద కంపెనీ రూపాయలకు హాలీ సిక్కాలు నూట పదహారు పైచిలుకు వచ్చేవి.) ధర ఇంతగా పెరిగిన వస్తువుకే రాత లేకపోవడం గమనార్హం.

కానుకల జాబితా రాయాలన్న నిబంధన కొత్తదేమీ కాదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. వధూవరులకిచ్చే కానుకల జాబితా నిబంధనలు 1985 అక్టోబరు 2 నుంచి అమలులో ఉన్నాయి. వీటి ప్రకారం వధువుకు వచ్చిన కానుకల జాబితా వధువు వద్ద, వరునికి వచ్చిన వాటి జాబితా వరుని వద్ద ఉండాలి. పెళ్లి సమయంలోగానీ, ఆ తర్వాత వీలైనంత త్వరగాగానీ రాయాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధువైతే వరుస చూపాలి. వధూవరులిద్దరూ సంతకాలు చేయాలి. స్టాంపు కాగితం అక్కరలేదు.

జాబితాకెక్కితే కట్నం కానుకగా మారిపోతుందనుకోవడం పొరపాటు. అడిగి తీసుకున్నది కట్నమే. ఇవ్వడమూ, పుచ్చుకోవడమూ నేరమే. ఐదేళ్లకు తగ్గని జైలుశిక్ష ఉంది. అడగకుండా, ఆచారంగా, ఇచ్చేవారి తాహతుకు మించకుండా ఇచ్చిన కానుకలకే మినహాయింపు. అవి కూడా జాబితాలో ఉంటేనే. అడిగిన నగదు చేతులు మారిన ఇళ్లలో కాగితం రాయడానికి జంకడానికి అసలు కారణం ఇదే కావచ్చు. మొహమాటం పైకి చెప్పే మాట.

పొరుగునే ఉన్న ముస్లిం కుటుంబాలలో నికాహ్‌నామాలో మెహర్ ఎంతో రాసి, సాక్షుల సంతకాలు పెట్టించడం ఉంది. మెహర్ పూర్తిగా వధువు హక్కు. అక్కడ కూడా జహేజ్‌గా వెళ్లే సామాను సంగతి మాత్రం నోటి మాటే. కానుకల జాబితా నిబంధన అన్ని మతాల వారికీ వర్తిస్తుంది.

స్త్రీధనంపై ఆమెదే సంపూర్ణ హక్కు అనీ, భర్త లేదా అత్తమామల వద్ద అది కేవలం అప్పగింతగా ఉన్నట్లేననీ సుప్రీంకోర్టు 1985లోనే స్పష్టం చేసింది. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో ఇంకో సంగతి తేలింది. కూతురి పెళ్లయిన ఇరవై ఏళ్లు దాటాక, ఆమె విడాకులు పొందాక, పెట్టిన నగలు తిరిగి ఇప్పించాలని తండ్రి కేసు పెట్టాడు. కోర్టు కొట్టివేసింది. ఆ సొత్తుకు యజమాని కూతురేననీ, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రి కూడా అడగలేడనీ చెప్పింది. నగలు అత్తమామల వద్ద ఉన్నట్లు ఆధారం లేదన్న అంశం కూడా ఆ తీర్పులో ఉంది. కన్నవారి వద్ద దాచుకున్న బిల్లులు ఒక్కటే చాలవని దీనివల్ల తెలుస్తోంది. కొన్నట్లు బిల్లు చెబుతుంది. ఎవరికి ఇచ్చారో చెప్పదు.

చదివింపులు రాసే పుస్తకంలోనే చివరి రెండు పేజీలు ఇందుకు వదిలినా పని జరుగుతుంది. ఆ పేజీలు చింపి వధువు చేతికిస్తే సరి. నగ రాసేటప్పుడు ఎన్ని గ్రాములో, రాళ్ల బరువు ఎంతో విడిగా రాయడం మేలు. పెళ్లికూతురుకు సంతకం రాకపోతే ఆమెకు చదివి వినిపించి వేలిముద్ర వేయించవచ్చునని నిబంధనల్లోనే ఉంది. చదివినవారు కూడా కింద సంతకం పెట్టాలి.