విమాన నిర్మాతల స్మృతిరక్షణకు మా ప్రణాళిక

ఇచ్చోడ యందు సమావేశమైన ఉపాధ్యాయులము, విశ్రాంతోద్యోగులము, విద్యార్థులమునగు మేము, ద్వితీయ ప్రపంచ సంగ్రామానంతరము బ్రిటనులోగాని మన దేశముననేగాని రూపుదాల్చి, పిమ్మట బెంగుళూరు, కాన్పూరు కర్మశాలలలో మన దేశీయులచే నిర్మింపబడిన విమానముల కొరకు శ్రమించిన తెలుగు ఇంజనీర్ల, పనివారల జ్ఞాపకములను, వారు జీవించియుండగనే వారి నోట విని భద్రపరుపవలెనని నిశ్చయించి, ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము.

కాన్బెరా బాంబరును రూపొందించిన పెట్టరు, యుద్ధవిమానముల బరువును వ్యయమును నానాటికి పెరుగుచుండుట తగదని తలచి, ఫోలాండు సంస్థలో న్యాట్ అను చిన్న విమానమును సృజించెను. 1955లో తొలిసారి ఎగిరిన ఆ విమానమును నిర్మించు అనుమతిని భారతదేశము 1956లో పొందెను. 1965 భారత-పాకిస్తాను యుద్ధమున అది శత్రువుల సేబర్ విమానముల నెదిరించి ఖ్యాతి గడించెను. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు దానినే సంస్కరించి, రెక్కలలోనే ఇంధనము నిలుచునట్లు చేసి, 1975లో అజీత్‌ను ఎగురవేసిరి. 1961 జూన్ 17న తొలిసారి ఎగిరిన మారుత్ యుద్ధవిమానమునకు రూపకర్త జర్మనీ దేశీయుడగు కుర్ట్ టాంక్. ఇంజను మాత్రము బ్రిస్టల్ వారి ఆర్ఫియస్. అంతకంటె శక్తిమంతమగు ఇంజనుకు ధనము సమకూరకపోవుటచే, మారుత్ తన పూర్ణసామర్థ్యమును ఎన్నడును చూపలేకపోయెను.

ఇంతవరకు గ్రంథములు చెప్పును. కాని విమానపు పటము తుది నిర్ణయమును చూపునే గాని, ఆ నిర్ణయమునకు పూర్వము జరిగిన వాదములను, త్రోసిపుచ్చిన ఆలోచనలను, స్లైడ్ రూల్ చేతబట్టి రాత్రులు మేల్కొన్నవారి సందేహములను చూపదు. ఆ 'ఎందుకు' అను ప్రశ్నకు సమాధానము మనుష్యుల యందే యున్నది.

మా ప్రాంతమున విమాన కర్మశాల లేదు. అయినను నోటిమాట చరిత్రకు ఆధారమగునన్న సత్యము మాకు క్రొత్తగాదు. కేస్లాపూరు నాగోబా జాతరకు పేరెన్నికగన్న ఈ సీమలో ప్రధాన్ తెగ గాయకులు కింగ్రి వాద్యమును వాయించుచు గోండుల వంశగాథలను తరతరములుగ నిలిపిరి. 1940 దశకమున మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫ్ ఇచ్చట నివసించి వానిని విని గ్రంథస్థము గావించెను. బ్రిటిష్ లైబ్రరీ వారును తమ శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల జీవితకథలను వారి కంఠస్వరముననే భద్రపరచిరి. ఆ మార్గమే మాకును శరణ్యము.

మా నియమములివి:

1. తేజస్ యుద్ధవిమాన రూపకల్పనకు నాయకత్వము వహించిన కోట హరినారాయణ గారి పేరు లోకమెరుగును. పటములు గీసినవారి, రివెట్లు బిగించినవారి, తనిఖీ చేసినవారి పేర్లు ఎరుగదు. మేము అందరి మాటను సమాన గౌరవముతో విందుము.

2. వక్త ఏ భాషలో, ఏ యాసలో చెప్పునో ఆ మాటనే యథాతథముగ నిలుపుదుము.

3. విజయములతోబాటు వైఫల్యములను గూడ అడుగుదుము. 1954 నాటి కామెట్ జెట్ విమాన దుర్ఘటనల కారణమును బ్రిటనులోని ఫార్న్‌బరోలో శోధించి, లోహము అలసి చీలునని నిరూపించుట వలన విమానయానము మరింత సురక్షితమైనది.

4. జ్ఞాపకమునకు, కాగితమునకు వైరుధ్యమేర్పడినచో రెండింటిని ప్రక్కప్రక్కన నిలుపుదుము, దేనిని దిద్దము.

5. దేశరక్షణకు సంబంధించిన రహస్యములను అడుగము, చెప్పినను ప్రకటింపము.

6. వక్త సమ్మతి లేక ఏదియు వెల్లడింపము. ప్రతి సంభాషణపు ప్రతిని వారి కుటుంబమునకు ఒసగి, సమ్మతించినచో గ్రంథాలయములలోను పాఠశాలలలోను ఉచితముగ అందుబాటున నుంచుదుము.

1961లో ఇరువదియైదేండ్ల ప్రాయమున కర్మశాలలో నడుగిడిన యువకుడు నేడు తొంబదికి చేరువైనాడు. కావున ఈ కార్యమునకు విలంబనము తగదు. పాఠక మహాశయులారా, మీ ఇంటనో మీ వీధిలోనో అట్టి పెద్దలున్నచో ఈ వారమే వారి చెంత కూర్చుండుడు. వారు చేసిన పనిని గూర్చి అడుగుడు. చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, మాతో చేయి కలుపుడు.