మాటలు కొనిపోయినవారు పాఠము తెచ్చియీయరేల?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలోని మన యిండ్లకు విశ్వవిద్యాలయములనుండి పరిశోధకులు వచ్చుట క్రొత్త కాదు. వత్తురు; ముసలమ్మలను కూర్చుండబెట్టి నాగలి భాగములకు, చుట్టరికములకు, పెండ్లి తంతులకు పేర్లడుగుదురు; యంత్రమున ధ్వని నింపుకొందురు; కాఫీ త్రాగి సెలవు పుచ్చుకొందురు. అటుపిమ్మట సిద్ధాంతగ్రంథము పూర్తియగును, పట్టము లభించును. ఆ ముసలమ్మ మనుమడు చదువు బడికి మాత్రము వారిలో ఒక్కరైనను పోయినట్లు నేనెరుగను. సరుకు తీసికొని వెల చెల్లింపని బేరమును అంగడి వీధిలో ఏమందురో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇది చిల్లర ఫిర్యాదని కొందరనవచ్చును. కాదు. మన పిల్లవాడు ఇంట 'ఉండాది' అనును. బడిలో దానిని తప్పని కొట్టివేయుదురు. నీ తెలుగు సగము అరవమని వీధిలో స్నేహితుడనును. హైదరాబాదునుండి వచ్చిన చుట్టము అది తెలుగే కాదని నవ్వును. ఇన్ని నవ్వుల నడుమ ఆ బిడ్డ తెలుగు తరగతిని విడిచిపోవుటలో వింత యేమున్నది? 2006 నాటి తమిళ అభ్యసన చట్టమును మనము తప్పుపట్టుచున్నాము, పట్టవలసినదే. ప్రాథమికదశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము చెప్పుచున్నది. దానిని చూపి పోరాడవలసినదే. కాని తన మాటయే తప్పుడు మాటయని నమ్మిన పిల్లవానిని ఏ అధికరణము తరగతిలో కూర్చుండబెట్టగలదు?

ఆ నమ్మకమును తొలగింపగలది భాషాశాస్త్రము. పేరు పెద్దదని జంకవలదు. మన అంగడిలో పాలను తెలుగువాడు పాలు, తమిళుడు పాల్, కన్నడిగుడు హాలు అనును. మన పులి వారికి హులి. ఇట్టివి పది మాటలు ప్రక్కప్రక్కన వ్రాయించినచో, పూర్వపు పకారము కన్నడమున హకారమైనదని పదేండ్ల బాలిక తానే కనుగొనును. మనకు చెవి, తమిళులకు సెవి, కన్నడిగులకు కివి. ఇచ్చట పాత కకారమును నిలుపుకొన్నవారు కన్నడిగులు, మార్చినవారు తక్కిన యిరువురు. తమిళ గ్రంథములలో ఇరండు, కన్నడమున ఎరడు, మనకు రెండు. తొలి అచ్చు రేఫను దాటి లోనికి జరిగినది. (వీధిలో తమిళులును రెండే యందురు. అదియు నొక పాఠమే.) ఒక భాష మరియొకదానిని చెరుపలేదనియు, ఒకే కుటుంబపు బిడ్డలు వేరువేరు దారుల నడిచినవనియు పిల్లలకిట్లు తెలియును. 1816లో ఎల్లిస్ దొర చెన్నపట్టణమున మాటల పట్టికలు కూర్చియే తెలుగు సంస్కృతజన్యము కాదని నిరూపించెను. మూడు భాషలు నిత్యము వినుచున్న మన పిల్లలకు ఈ పాఠము బెజవాడ పిల్లలకంటె సులభమని నా నమ్మకము.

బడిపిల్లలకు భాషాశాస్త్రమేమిటని పండితులు పెదవి విరుతురు. మాస్కో విశ్వవిద్యాలయము 1965లోనే బడిపిల్లలకు భాషాశాస్త్రపు పోటీని మొదలుపెట్టినది. అంతర్జాతీయ భాషాశాస్త్ర ఒలింపియాడు 2016లో మన మైసూరులోనే జరిగినది. ఎరుగని భాషలోని కొన్ని వాక్యములిచ్చి సూత్రము కనుగొనుడందురు. ముందుగ చదివిన చదువుతో పనిలేదు. ఇది అన్నము పెట్టునా యని అడుగు తండ్రులకు నా జవాబు, లెక్కలు నేర్పు బుద్ధినే ఇదియు నేర్పును.

ద్రావిడ విశ్వవిద్యాలయము 1997లో మన పొరుగుననే, కుప్పమున, వెలసినది. భారతీయ భాషల కేంద్రసంస్థ 1969నుండి మైసూరున నున్నది. మనము కోరునది దానము కాదు. మన బడుల తెలుగు ఉపాధ్యాయులకు సెలవులలో శిక్షణ నీయవలెను. పరిశోధక విద్యార్థి నెలకొకమారు మన తరగతికి రావలెను. ఇచ్చట సేకరించిన మాటల ప్రతి ఇచ్చటి బడిలో నుండవలెను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆంధ్రదేశపు రైతుల మాటలకు కూర్చిన మాండలిక వృత్తిపదకోశము 1962లో వెలువడినది. ఎల్లకు ఇవతలి మాటలను సేకరించు పని మన పిల్లలకే ఒప్పగింపవలెను. అచ్చు పుస్తకమున వారి పేర్లు పడవలెను. శాలువలు కప్పి, ఒప్పందపత్రములతో ఛాయాచిత్రములు దిగి, మరునాడు మరచిపోవు తంతు మాత్రము మనకు వలదు.

కుప్పము వారికి సంఘము వ్రాయు లేఖ సిద్ధముగ నున్నది, సంతకములు కావలెను. ఇకమీదట ధ్వనియంత్రముతో మన గడప యెక్కువారిని, అమ్మలారా, అయ్యలారా, కాఫీ ఇచ్చుటకు ముందే, మా బడికి ఎన్నడు వత్తురని అడుగుడు.