దుఃఖాన్ని లాజిక్ అడుగుతారా?

'ఫాంటాజమ్' పేరెత్తగానే "తలాతోకా లేని సినిమా" అని పెదవి విరిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1979లో డాన్ కొస్కరెల్లి తీసిన ఈ అమెరికన్ సినిమాలో శవాలను మరగుజ్జులుగా కుదించి మరో గ్రహానికి బానిసలుగా తోలే పొడుగాటి మనిషి ఉన్నాడు. గాల్లో దూసుకొచ్చి నుదుటికి కరుచుకుని బుర్రను తొలిచేసే వెండి గుండు ఉంది. దయ్యాల కథా, సైన్స్ ఫిక్షనా, పీడకలా? ఏ గాటన కట్టాలో తోచక అతుకుల బొంత అనేశారు.

అసలు ఆ పదమూడేళ్ల మైక్‌ని చూశారా మీరు? అమ్మానాన్నలు పోయారు. మిగిలిన ఒక్క అన్న జోడీ ఊరొదిలి వెళ్లిపోతాడని వాడికి బెంగ. అన్న సైకిల్ మీద పోతుంటే వెనకాలే పరిగెత్తుతాడు. తీరా ఆఖర్న, అన్న కారు ప్రమాదంలో పోయాడని చెబుతారు. అప్పటికైనా వాడికి ఊరట లేదు, అద్దంలోంచి చేతులొచ్చి లాక్కుపోతాయి. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పోతుంటే పిల్లాడి బుర్రలో కథ వరసగా నడుస్తుందా?

మూడు గంటలు దాటిన తొలి కూర్పును గంటన్నరకు కోశారు. ఆ కోతల్లో కొన్ని లంకెలు తెగాయి, ఒప్పుకుంటాను. దెబ్బతిన్న మనసుకు జరిగింది గుర్తుండేది కూడా అలా ముక్కలు ముక్కలుగానే.

ఇక "చవకబారు" అనే మాట. ఉన్నది దాదాపు 3 లక్షల డాలర్లు. షూటింగ్ నాటికి దర్శకుడికి పాతికేళ్లు నిండలేదు. కథ, కెమెరా, ఎడిటింగ్ అన్నీ తనే. నాన్న డబ్బు సర్దాడు, అమ్మ దుస్తులూ మేకప్పూ చూసింది. చాలావరకు శని, ఆదివారాల్లోనే షూటింగ్. కెమెరా వెనక నుంచి గుండును విసిరి, ఆ షాట్‌ను వెనక్కి నడిపారు. హాల్లో జనం తల పక్కకు తిప్పుకునేలా చేశారు. దీన్ని చవకబారుతనం అంటే, పనితనం అని దేన్నంటారు?

ఒక్క సీన్ మళ్లీ చూడండి. మైక్ ఓ చిన్న పెట్టె తెచ్చి అన్న ముందు పెడతాడు. మూత తీస్తే, పసుప్పచ్చని నెత్తుటిలో తెగిన వేలు కదులుతోంది. జోడీ చూసి మూత వేసేసి, నమ్ముతున్నానంటాడు. అదెలా కదులుతోందని అడగడు. వాడు తమ్ముడి మొహం చూశాడు. మీరు పెట్టెలోకి మాత్రమే చూశారు.