మ్యువాన్లు ఎక్కువొచ్చాయి!

ఫోన్ పట్టుకోని రెండో చెయ్యి ఒకసారి చాపండి. సెకనుకు దాదాపు ఒక మ్యువాన్ మీ అరచేతిని దాటుకుని నేలలోకి పోతోంది. నొప్పి లేదు, నోటిఫికేషనూ లేదు. మ్యువాన్ అంటే ఎలక్ట్రాన్‌కి అన్నలాంటిది, బరువు మాత్రం 207 రెట్లు.

ఇవి పైనుంచి వస్తాయి. అంతరిక్షం నుంచి దూసుకొచ్చిన ఓ ప్రోటాన్ గాలిలోని నైట్రోజన్‌ని గుద్దుతుంది. దాంట్లోంచి కొత్త కణాలు, అవి మళ్లీ గుద్దితే ఇంకొన్ని... నేల దగ్గరికి వచ్చేసరికి పెద్ద జల్లే. దీన్నే ఎయిర్ షవర్ అంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ ఓజే 1938లో, దూరదూరంగా పెట్టిన డిటెక్టర్లు ఒకేసారి మోగడం చూసి దీని సంగతి తేల్చారు.

ఆయన పేరుతోనే అర్జెంటీనాలో, మలార్గ్వే ఊరి దగ్గర ఒక అబ్జర్వేటరీ ఉంది. 3000 చదరపు కిలోమీటర్ల మైదానంలో కిలోమీటరున్నరకి ఒకటి చొప్పున 1600కి పైగా ట్యాంకులు. ఒక్కోదాంట్లో 12 వేల లీటర్ల స్వచ్ఛమైన నీళ్లు, లోపల చిమ్మచీకటి. ఆ నీళ్లలో కణం కాంతికన్నా వేగంగా వెళ్తే నీలిరంగు మెరుపు వస్తుంది. (నీళ్లలో కాంతి నెమ్మదిస్తుంది లెండి, ఐన్‌స్టీన్‌కి ఢోకా లేదు.) మూడు సెన్సర్లు ఆ మెరుపుని పట్టుకుంటాయి, జీపీఎస్ టైమ్ చెబుతుంది, డేటా రేడియోలో వెళ్లిపోతుంది. ఏ ట్యాంకు ముందు మోగిందో చూస్తే కణం ఏ దిక్కునుంచి వచ్చిందో తెలుస్తుంది. మన ఊటీలోనూ గ్రేప్స్-3 అని ఇలాంటి ప్రయోగం ఉంది, దాని కథ ఇంకోసారి.

కోడ్ రాసుకుని బతికేవాడిగా నాకు నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది. 2016లో ఓజే బృందం 411 షవర్లని తీసుకుని సిమ్యులేషన్లతో పోల్చింది. జెనీవా దగ్గరి లార్జ్ హాడ్రాన్ కొలైడర్ కొలతలతో సరిచేసుకున్న మోడళ్లు అవి. అయినా లెక్క కుదర్లేదు. మ్యువాన్ల వాటాని మోడల్‌ని బట్టి 30 నుంచి 60 శాతం దాకా పెంచితే తప్ప డేటాతో కలవలేదు! టెస్ట్ ఫెయిలైతే మనం ముందు టెస్ట్‌నే అనుమానిస్తాం కదా, వాళ్లూ అదే చేశారు. శక్తి కొలతలో తేడా ఉందేమోనని దాన్నీ సర్దుకోనిచ్చి చూశారు. లోటు పోలేదు.

ఆ షవర్లలో మొదటి గుద్దు కొలైడర్ గుద్దుకి దాదాపు పదింతలు. అంత శక్తి దగ్గర మన సూత్రాలని ఎవరూ నేరుగా పరీక్షించలేదు. గుద్దినప్పుడు పుట్టే పయాన్లలో సుమారు మూడో వంతు చార్జ్ లేనివి. అవి వెంటనే గామా కిరణాలైపోతాయి, మ్యువాన్లనివ్వవు. మిగతావాటి దగ్గర మనం అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువ శక్తి మిగిలితే చాలు, మెట్టుమెట్టుకీ చక్రవడ్డీలా పెరుగుతుంది. కారణం ఇదేనా, ఇంకా మనకి తెలియని ఫిజిక్స్ ఏదైనా దాగుందా? ఇంకా తేలలేదు. కొలైడర్‌లో 2025 జూలైలో మొదటిసారి ప్రోటాన్లతో ఆక్సిజన్‌ని గుద్దించారు, గాలిలో జరిగేదానికి దగ్గరగా ఉంటుందని.

ఓజే వాళ్లు 2021లో తమ డేటాలో పదో వంతు అందరికీ ఇచ్చేశారు, పైథాన్ కోడ్‌తో సహా. పోయిన శనివారం రాత్రి ఒక షవర్ ప్లాట్ చేశాను. ఏ ట్యాంకులో ఎంత మెరుపో కనిపించింది గానీ, అందులో మ్యువాన్ల వాటా ఎంతో విడదీయడం నా వల్ల కాలేదు. ఎలక్ట్రాన్ల మెరుపూ మ్యువాన్ల మెరుపూ కలిసిపోయి ఉన్నాయి. ఆ రెంటినీ వేరు చేయడానికే ఇప్పుడు ట్యాంకుల మీద సింటిలేటర్ పలకలు బిగించారు.