పేజర్ పోయాక నర్సు చేతికి ఏ ఫోన్?

బ్రిటన్‌లో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామంది ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో పనిచేస్తున్నారు. డ్యూటీలో వాళ్లకు ఏ ఫోన్ ఇస్తారన్నది మన ఇళ్లకూ సంబంధించిన విషయమే.

2019 ఫిబ్రవరిలో అప్పటి ఆరోగ్య మంత్రి మాట్ హాన్‌కాక్, 2021 ఆఖరుకల్లా పేజర్లను తీసేయాలని ఎన్‌హెచ్‌ఎస్‌ను ఆదేశించారు. అప్పటికి వాడుకలో ఉన్నవి సుమారు లక్షా 30 వేలు. ఏడాది ఖర్చు 66 లక్షల పౌండ్లు. నంబరు మాత్రమే చూపే పేజర్ మోగితే డాక్టరు ఫోన్ వెతుక్కుని ఆ నంబరుకు చేయాలి. లైను ఖాళీ లేకపోతే ఆగాలి. పిలిచింది ప్రాణం మీదికొచ్చిన రోగి కోసమో, ఒక సంతకం కోసమో ముందుగా తెలియదు. మార్చాలనడంలో న్యాయం ఉంది.

అయితే పేజర్ సంకేతం మందపాటి గోడల్లోంచి కూడా బాగా అందుతుంది. వైఫైతో పని లేదు. చిన్న బ్యాటరీతో వారాల తరబడి నడుస్తుంది. సైన్సు చదివిన నాకు ఇవి చిన్న సుగుణాలుగా కనిపించవు. వైఫై మీదే నడిచే ఫోన్ ఇస్తే, అది పడిపోయిన రోజు కార్డియాక్ అరెస్ట్ పిలుపు ఎలా అందుతుంది? అందుకే అత్యవసరానికి కొన్ని పేజర్లు ఉంచుకోవచ్చని ఆ ఆదేశంలోనే వెసులుబాటు ఇచ్చారు.

ఇక సొంత ఫోన్ల సంగతి. ఆసుపత్రి సరైన సాధనం ఇవ్వకపోతే సిబ్బంది వాట్సాప్ తెరుస్తారు. స్కాట్లాండ్‌లోని ఎన్‌హెచ్‌ఎస్ లానార్క్‌షైర్‌లో 2020 ఏప్రిల్ నుంచి రెండేళ్లలో, 26 మంది సిబ్బంది ఉన్న వాట్సాప్ గ్రూపులో రోగుల వివరాలు 500 సార్లకు పైగా పెట్టారు. 2023లో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం ఆ సంస్థను మందలించింది. సొంత ఫోన్ అంటే ఇంట్లో పిల్లలు ఆటలకు లాక్కునేది. ఎవరో రోగి జబ్బు వివరాలు అందులో ఉండటం ఆ రోగికి అన్యాయం, మనవాళ్ల ఉద్యోగానికి ముప్పు.

కాబట్టి ఫోన్ ఆసుపత్రిదే కావాలి, షిఫ్టు అయ్యాక అక్కడే ఉండాలి. 12 గంటల పాటు ఛార్జింగ్ నిలవాలి. క్రిమిసంహారక మందుతో రోజుకు ఎన్నిసార్లు తుడిచినా పాడవకూడదు. గ్లౌజులతో నొక్కినా పనిచేయాలి. స్మార్ట్‌వాచీ చాలదా అంటే, రోగులను చూసేటప్పుడు మోచేతి కింద గడియారం ఉండకూడదన్నది అక్కడి నియమం.

ఇవన్నీ కొనుగోలు విభాగం కంటే రాత్రి డ్యూటీ నర్సుకే బాగా తెలుసు. మీ ఇంట్లో ఆసుపత్రి ఉద్యోగులుంటే, కొత్త ఫోన్లు కొనకముందే వార్డులో కొన్నాళ్లు వాడి చూడనివ్వమని అడగమనండి. కొన్నాక అడిగితే మిగిలేది సర్దుకుపోవడమే.