పోయిన డబ్బు, రాని తెలుగు

మా బాబాయిగారు తెనాలిలో ఉంటారు. ముప్పై రెండేళ్ళపాటు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. 2023 వేసవిలో ఒక ఆదివారం రాత్రి, ఆయన నిద్రలో ఉండగా, డెబిట్ కార్డు మీద రెండు విడతలుగా సొమ్ము పోయింది. ఒకసారి రూ. 9,800, మరొకసారి రూ. 9,450. బ్యాంకు రెండు సందేశాలను వెంటనే పంపింది. బాబాయిగారు తెల్లవారి వాటిని చూశారు కూడా. రోజూ వచ్చిపడే అప్పుల ప్రకటనలతోపాటు వాటినీ చెరిపివేశారు. శుక్రవారం నాడు పింఛను పడిందో లేదో చూద్దామని వెళ్ళి పాసుబుక్కు అచ్చు వేయించుకుంటే గాని సంగతి బయటపడలేదు.

"ఓటీపీ ఎవరికో చెప్పేసి ఉంటారు మాస్టారూ" అన్నాడట బ్యాంకు ఉద్యోగి, పదిమంది వింటుండగా. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమే దొంగకు కలుగలేదు. మన దేశంలో అంతర్జాలంలో కార్డుతో చెల్లించేటప్పుడు రెండవ ధ్రువీకరణ ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుండి నియమం పెట్టింది. కాని ఆనాడు విదేశీ వర్తకులకు ఆ నిర్బంధం లేదు. కార్డు సంఖ్య, గడువు తేదీ, వెనుకవైపు ఉండే మూడంకెలు దొరికితే అక్కడ పని జరిగిపోయేది. బాబాయిగారు 2019లో అమెరికాలోని కూతురి దగ్గరకు వెళ్ళినప్పుడు ఆ కార్డుకు విదేశీ వాడకం తెరిపించుకున్నారు. తిరిగి వచ్చాక ఆ తలుపు మూయాలని ఆయనకు తట్టలేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఇక నియమం సంగతి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు వెలువరించింది. తప్పు ఖాతాదారుడిది గాని బ్యాంకుది గాని కాక మరెక్కడో జరిగినప్పుడు, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాలలోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుడికి నష్టం సున్న. నాలుగు నుండి ఏడు పనిదినాల మధ్య చేస్తే, మామూలు పొదుపు ఖాతాకు ఒక్కొక్క లావాదేవీకి రూ. 10,000 వరకు అతడే భరించాలి. ఏడు దాటితే బ్యాంకు విధానం ఏది చెబితే అది. తప్పు ఖాతాదారుడిదేనని నిరూపించవలసిన భారం మాత్రం బ్యాంకు మీదనే పెట్టారు. చూడడానికి ఎంతో న్యాయమైన ఉత్తర్వు. నేను దానిని మెచ్చుకునేవాడినే.

బాబాయిగారు వెళ్ళినది ఐదవ పనిదినాన. పోయిన రెండు మొత్తాలూ విడివిడిగా పదివేల లోపువే. అంటే సోమవారమో మంగళవారమో వెళ్ళి ఉంటే పైసా నష్టం లేదు. శుక్రవారం వెళ్ళారు కనుక మొత్తం రూ. 19,250 ఆయన నెత్తినే పడింది. బ్యాంకు జవాబు కూడా అదే చెప్పింది, ఆంగ్లంలో.

ఇక్కడ నాకొక సందేహం. "సమాచారం అందిన" అన్న మాటకు అర్థమేమిటి? ఫోనులోకి అక్షరాలు చేరడమా, మనిషికి విషయం తెలియడమా? ఆ సందేశాలలో ఉన్నవి 'డెబిటెడ్', 'టీఎక్స్ఎన్', 'ఏవీఎల్ బాల్'. ఇంగ్లీషు కొంత చదువుకున్నవాడికి కూడా అవి పొడుపు కథలే. బాబాయిగారు నాతో అన్న మాట ఇది: "ఒరే, జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పాను. నా డబ్బు పోయిందన్న మాట నాకు తెలుగులో చెప్పినవాడు ఒక్కడూ లేడు."

ఇది భాషాభిమానంతో చేసే ఫిర్యాదు కాదు. అభిమానం సంగతి వేరు, గడియారం సంగతి వేరు. గడువు లెక్క సందేశంతో మొదలవుతున్నప్పుడు, ఆ సందేశం చదవలేని భాషలో ఉంటే గడియారం తిరుగుతున్నట్టే మనిషికి తెలియదు. ఖాతా తెరిచే దరఖాస్తులు, పాసుబుక్కుల వంటి ముద్రిత పత్రాలు ఇంగ్లీషు, హిందీ, ప్రాంతీయ భాష మూడింటిలోనూ ఉండాలని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఏటీఎం తెర మీద తెలుగు ఎంచుకునే వీలు ఏనాడో వచ్చింది. డబ్బు తీసుకోవడానికి తెలుగు పనికివచ్చింది. డబ్బు పోయిందని చెప్పడానికి ఎందుకు పనికిరాలేదు?

దీనికొక సాంకేతిక కారణం ఉందని మనలాంటివారికి తెలుసు. ఫోను సందేశంలో ఇంగ్లీషుకు 160 స్థానాలుంటాయి. యూనికోడులో రాస్తే 70 మాత్రమే. గుణింతపు గుర్తు ఒక స్థానం, పొల్లు ఒక స్థానం తినేస్తాయి. సందేశం పొడవైతే రెండు ముక్కలవుతుంది, ఖర్చు రెట్టింపవుతుంది. లక్షలాది ఖాతాదారులకు పంపేవారికి అది చిన్న లెక్క కాదని ఒప్పుకుంటాను. కాని తలచుకుంటే ఇమడదా? ప్రయత్నించి చూశాను:

"మీ కార్డుపై రూ.9,800 ఖర్చు. మీరు చేయకపోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి"

లెక్కపెట్టండి, 67 స్థానాలు. ఒకే సందేశంలో సరిపోయింది. ఇంత చిన్న వాక్యం ఆ సోమవారం పొద్దున అందివుంటే బాబాయిగారు కాఫీ తాగకుండానే బ్యాంకుకు పరుగెత్తేవారు.

మరొక మాట. ఆయన ఆ శుక్రవారం ఇంటికి వచ్చి పిన్నితో కూడా చెప్పలేదు. నాతో చెప్పడానికి మరో నాలుగు రోజులు పట్టింది. సిగ్గు. ఇంట్లో దొంగలు పడితే ఊరంతా జాలిపడుతుంది. కార్డు మీద డబ్బు పోతే "మీరేం చేశారు?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడి ఎందరో పెద్దవారు నోరు మెదపరు. దొంగకు మన అజ్ఞానం కంటే మన సిగ్గే ఎక్కువ ఉపకారం చేస్తుంది. బ్యాంకు బల్ల దగ్గర ఆ ఉద్యోగి అన్న మాట నాకు పందొమ్మిది వేల కంటె పెద్ద నష్టంగా తోస్తుంది.

కనుక మిత్రులకు నా మనవి. ఈసారి మీ ఊరు వెళ్ళినప్పుడు అమ్మానాన్నల ఫోను తీసుకుని ఒక పావుగంట కూర్చోండి. కార్డుకు విదేశీ వాడకం, అంతర్జాల వాడకం అవసరం లేకపోతే మూసివేయండి. 2020లో రిజర్వు బ్యాంకు చెప్పినదాని ప్రకారం ఆ మీటలు బ్యాంకులు ఇవ్వవలసిందే. బ్యాంకు నుండి వచ్చే సందేశం ఎలా ఉంటుందో ఒకటి చూపించి, దాని అర్థం తెలుగులో చెప్పండి. ఏదైనా జరిగితే ముందు కార్డు ఆపించాలని, వెంటనే 1930కు ఫోను చేయాలని, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి సంఖ్య తీసుకోవాలని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. అన్నింటికంటె ముఖ్యంగా, "డబ్బు పోతే నన్ను మొదట పిలవండి, నేనేమీ అనను" అని మాట ఇవ్వండి. ఆ మాట నిలబెట్టుకోండి.

తెరమీద మొదటిసారి తెలుగు అక్షరం చూసి పొంగిపోయినవాళ్ళం మనం. కవితలకూ కబుర్లకూ ఆ అక్షరం సరిపోయింది. మా బాబాయి ఫోనులో, ఆ సోమవారం పొద్దున, దాని అవసరం మరింత ఉండింది.